తండ్రిగారి ఆరోగ్యం

ఇంగ్లీషులో దేవుడికీ, కుక్కకీ, బ్యాంకు మేనేజరుకీ ఒకటే "యూ". ఈ సదుపాయం వల్ల ఇంగ్లీషువాళ్ళు ఎంత సుఖపడ్డారో తెలియదు కానీ, నేను మాత్రం కొంత ఇబ్బంది పడ్డాను. కొరియా సీరియళ్ళకి తెలుగు మాటలు రాయడం నా వృత్తి. నాకు కొరియన్ రాదు. తెర కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు చదివి, పెదవుల కదలిక చూసి, మిగతాది ఊహించి రాస్తాను. ఊహకి అందనిది ఒక్కటే: ఎవరు ఎవర్ని "నువ్వు" అంటున్నారు, ఎవరు ఎవర్ని "మీరు" అంటున్నారు. ప్రేమించుకునేవాళ్ళు ఎప్పుడు మీరు మీంచి నువ్వులోకి దిగుతారో ఇంగ్లీషు చెప్పదు. ఒకసారి తొందరపడి మొదట్లోనే దింపేశాను. చాలా ఎపిసోడ్లు గడిచాక హీరో సిగ్గుపడుతూ, ఇక నుంచి మనం నువ్వు అనుకుందామా అని హీరోయిన్ని అడిగాడు. డబ్బింగ్ స్టూడియోలో అందరూ నా వైపు చూశారు. నేను టీ చెప్పాను.

అందుకని, ఫిల్మ్‌నగర్‌లో మేము అద్దెకుంటున్న అపార్ట్‌మెంటులోకి, సరిగ్గా మా పై ఫ్లాటులోకి, ఒక కొరియా కుటుంబం దిగిందని తెలిసినప్పుడు నేను దాన్ని దైవికం అనుకున్నాను. వాళ్ళు కూడా తమ రాకని దైవికమనే అనుకుంటున్నారని తర్వాత తెలిసింది. మొదటి రోజే ఒక విషయంలో మాకు ఏకాభిప్రాయం కుదిరింది.

వాళ్ళు మిషనరీలు. భార్య, భర్త, ఎనిమిదేళ్ళ కూతురు. రహమత్ నగర్‌లో రేకుల కప్పు వేసిన ఒక చిన్న చర్చిలో ఆయన కీబోర్డు వాయిస్తాడు, పిల్లలకి పాటలు నేర్పుతాడు. ఆవిడ ఆడవాళ్ళ కూడికలకి వెళుతుంది, జబ్బు చేసినవాళ్ళ ఇళ్ళకి అన్నం పట్టుకెళుతుంది. మిషనరీ అనగానే నాకు పాత సినిమాల్లో తెల్ల గౌను, గుర్రబ్బండి గుర్తొచ్చేవి. వీళ్ళు ఆన్‌లైన్‌లో కూరలు తెప్పించుకునేవారు, గ్యాస్ బండ రాలేదని వాచ్‌మన్‌తో బాధ చెప్పుకునేవారు, ఆదివారం పొద్దున్న కీబోర్డుని దుప్పట్లో చుట్టి, పసిపిల్లని ఎక్కించినట్టు ఆటో ఎక్కించేవారు.

వాళ్ళకి తెల్లవారకముందే లేచి ప్రార్థన చెయ్యడం ఆచారం. మనసులో కాదు, పైకే. ఇద్దరూ ఒకేసారి, ఎవరి మాటలు వాళ్ళవి. ఆ చప్పుడు మా బాత్‌రూము వెంటిలేటర్‌లోంచి కిందికి దిగేది. నేను సగం నిద్రలో వినేవాణ్ణి. వానో, ప్రార్థనో తెలిసేది కాదు. చలికాలంలో మా కొండ వాలు మీద పొగమంచు రాళ్ళని కప్పేసి ఉండేది. పార్కు వైపు నుంచి నెమళ్ళు అరిచేవి. ఎక్కడో షూటింగుకి వెళుతున్న లారీ ఒకటి, చెక్క గోపురాన్నో, థర్మకోల్ ఏనుగునో మోసుకుంటూ మంచులోంచి మెల్లగా ఎక్కి, మళ్ళీ మంచులోకి దిగిపోయేది. రహమత్ నగర్ నుంచి అజాన్ వచ్చేది. మా అమ్మ లేచి పూజగదిలో గంట కొట్టేది. వీటన్నిటి మీదుగా ఆవిడ గొంతు, భర్త గొంతుకన్నా కాస్త సన్నగా, ఎవరికో ఏదో నచ్చజెపుతున్నట్టు వినిపిస్తూ ఉండేది. నేను మళ్ళీ నిద్రపోయేవాణ్ణి. నా తరఫున కూడా ఎవరో మేలుకున్నారన్న ధైర్యం కావచ్చు.

ఆవిడతో నేను ఒక ఒప్పందం చేసుకున్నాను. సీరియల్లో ఎవరు నువ్వు, ఎవరు మీరు అన్నది ఆవిడ చెప్పాలి. బదులుగా నేను తెలుగు నేర్పాలి. వాళ్ళ వంటింటి బల్ల మీద నా లాప్‌టాప్ పెట్టేవాణ్ణి. ఆవిడ కిమ్చీ అనే వాళ్ళ ఊరగాయ కోసం క్యాబేజీ ఆకులకి ఉప్పు రాస్తూ సీను చూసి తీర్పు చెప్పేది. మొగుడికి కోపం వచ్చింది కాబట్టి ఇక్కడ "మీరు" అంటున్నాడు, నిన్నటిదాకా "నువ్వు" అన్నాడు, ఇది ప్రమాదం అనేది. అత్తగారు "నువ్వు" అన్నప్పుడు భయపడక్కరలేదట, పేరు పెట్టి పిలిచినప్పుడు పడాలట. కిమ్చీ పెట్టడానికి మా అమ్మ ఆవకాయ జాడీ ఒకటి అరువిచ్చింది. అది తిరిగి రాలేదు, మేము అడగలేదు. దానికి వేరే మతం వచ్చేసిందని మా అమ్మ తేల్చేసింది.

నా తెలుగు పాఠం బాగానే అంటింది. కాస్త ఎక్కువగానే అంటింది. నాది తూర్పు గోదావరి. మావైపు కుక్కని అదిలించినా చివర అండీ తగిలిస్తాం. ఆవిడ దాన్ని వేదంలా పట్టుకుంది. ఆటో డ్రైవరుతో "ఎడమవైపండీ" అనేది. మెట్ల మీద పడుకున్న పిల్లిని "కొంచెం జరగండీ" అనేది. పిల్లి జరిగేది. ఇంత మర్యాద దానికి ఎప్పుడూ దక్కి ఉండదు. వాళ్ళ పాప మాత్రం తెలుగు నా దగ్గర నేర్చుకోలేదు. బడిలో, సందులో నేర్చుకుంది. ఏంది, గిట్ల, జర ఆగు.

అసలు చిక్కు ప్రార్థన దగ్గర వచ్చింది.

తెలుగు క్రైస్తవులు దేవుణ్ణి నీవు అంటారు, నువ్వు అంటారు. నీ నామం, నీ చిత్తం, నీకు స్తోత్రం. కొరియన్‌లో కూడా అచ్చంగా "నీ" అన్న మాటే ఉంది. పలకడం అంతే, అర్థమూ అదే. తేడా ఏమిటంటే, వాళ్ళు దాన్ని చిన్నపిల్లలతోనూ, స్నేహితులతోనూ, నడిరోడ్డు మీద కొట్లాటలోనూ వాడతారు. పెద్దవాళ్ళని అసలు ఏ సర్వనామంతోనూ పిలవరు. "తండ్రిగారి ఇష్టం" అంటారు తప్ప "మీ ఇష్టం" అని కూడా అనరు. ఆవిడ తండ్రి రిటైరైన పాస్టరు. ఆయన ముందు ఆవిడ జీవితంలో ఆ మాట అనలేదు. అలాంటిది సృష్టికర్తని పట్టుకుని నీ, నీ అనడానికి నోరు ఎలా వస్తుంది?

మా అమ్మ సంగతి చెప్పి చూశాను. మా అమ్మ వెంకటేశ్వరస్వామిని నువ్వు అంటుంది. మోకాళ్ళ నొప్పులున్న రోజున, "ఏమయ్యా, నీకు చెవుడా" అని కూడా అంటుంది.

ఆవిడ ఉప్పు చెయ్యి ఆపేసింది. "మీ అమ్మగారు దేవుడిగారిని తిడతారా అండీ?"

"రోజూ కాదు. కాఫీ ఆలస్యమైన రోజున."

ఆవిడ చాలాసేపు ఆలోచించి, తన దారి తాను కనిపెట్టుకుంది. చర్చిలో ప్రార్థన చెయ్యమన్నప్పుడు, తమ భాషలో చేసినట్టే, దేవుణ్ణి "తండ్రిగారు" అనడం మొదలుపెట్టింది. తండ్రిగారికి నమస్కారం. తండ్రిగారు బాగుండాలి. మేమందరం తండ్రిగారిని తలుచుకుంటున్నాం అండీ. తండ్రిగారి చేతులు మా మీద ఉండాలి అండీ. వ్యాకరణం తప్పు లేదు. నేనే దిద్దాను కాబట్టి ఆ విషయం ధైర్యంగా చెప్పగలను.

కొన్ని నెలలు గడిచాయి. సినిమాలకి దుస్తులు కుట్టే ఒకామె మా స్టూడియోకి అప్పుడప్పుడూ వచ్చేది. ఆమెది ఆ చర్చే. ఒకరోజు మెట్ల దగ్గర నన్ను ఆపి, గొంతు తగ్గించి అడిగింది. "మీ పైన ఉండే సిస్టర్ వాళ్ళ నాయనకు ఎట్లున్నది సార్ ఇప్పుడు?"

బాగానే ఉన్నారనుకుంటా, ఏమైంది అన్నాను.

"ఏమైందో ఆమె చెప్తలేదు. పాపం, ప్రార్థనల నిలబడితే చాలు, నాయన ముచ్చటనే. తండ్రిగారు బాగుండాలె, తండ్రిగారి చేతులు అంటది, ఏడుస్తది. చేతులకే ఏమన్న అయ్యుంటదని మేం అనుకున్నం. ఎండకాలం సంది అందరం ఆయన కోసమే ప్రార్థన చేస్తున్నం."

నేను అక్కడే మెట్ల మీద కాసేపు కూర్చున్నాను. ఇలాంటి సమాచారం అందుకోవడానికి నిలబడి ఉండటం మంచిది కాదు.

పైకి వెళ్ళి చెప్పాను. భర్త నవ్వాడు, భార్య మొహం చూసి ఆపేశాడు. నిజం చెప్పేద్దామంటే, ఆ ఆడవాళ్ళు నిజంగా కన్నీళ్ళు పెట్టుకుని చేసిన ప్రార్థనలవి. మా నాన్న నిక్షేపంలా ఉన్నాడు, నా తెలుగే బాగాలేదు అని ఎలా చెప్పడం? చెప్పలేదు. ఆవిడ చేసినదల్లా ఏమిటంటే, నోరు మూసుకుంది. చర్చిలో ఎవరైనా ప్రార్థన చెయ్యమంటే తల అడ్డంగా ఊపేది. ఆమె మాటే మానేసిందంటే తండ్రికి మరీ విషమించిందని చర్చివాళ్ళు నిర్ణయించుకున్నారు. ఒక శుక్రవారం ఆయన కోసం ఉపవాస ప్రార్థన కూడా పెట్టారు.

చర్చి సంగతి అలా ఉంచండి. మా వెంటిలేటర్‌లోంచి కూడా ఆ సన్న గొంతు ఆగిపోయింది. తెల్లవారుజామున భర్త గొంతు ఒక్కటే దిగేది. తబలా లేని పాటలా ఉండేది. నేను నిద్ర లేచిపోయేవాణ్ణి. ఆవిడ ఏ భాషలోనూ పైకి ప్రార్థన చెయ్యడం లేదని భర్తే ఒకరోజు లిఫ్టులో చెప్పాడు. నోరు తెరిస్తే తప్పు వస్తుందని భయమట.

సరిగ్గా అప్పుడే పెద్దాయన ఫోన్ చేశాడు.

అంటే ఆవిడ తండ్రి. కూతురూ అల్లుడూ ఇండియా రావడం ఆయనకి మొదటి నుంచీ ఇష్టం లేదు. వాళ్ళ ఊళ్ళో ఒక చర్చిలో అల్లుడికి పని చూసిపెట్టాడు. తాను స్వయంగా వచ్చి చూస్తాడు, చూశాక నిర్ణయం చెబుతాడు. ఆయన బయల్దేరమంటే సామాను సర్దుకోవాలి. ఆయన మాట కాదనడం వాళ్ళింట్లో ఎన్నడూ జరగలేదు. పైగా అల్లుడు, మామగారి మనసు మెత్తబడుతుందని, మీ అమ్మాయి తెలుగులో ప్రార్థన చేస్తే జనం ఏడుస్తారు అని ఎప్పుడో చెప్పి ఉన్నాడు. అది అబద్ధం కాదు. కారణం చెప్పలేదు, అంతే. ఆదివారం చర్చిలో కూతురి ప్రార్థన వింటానన్నాడు పెద్దాయన.

మీకు ఇక్కడే ఉండాలని ఉందా అని ఆవిడని అడిగాను. ఇంత సూటి ప్రశ్న మావైపు అడగరు, కానీ అడిగాను. ఆవిడ జాడీ మూతకి గుడ్డ కడుతోంది.

"పాప నిద్రలో మాట్లాడుతుందండీ," అంది. "తెలుగులో మాట్లాడుతుంది. 'జర జరుగు' అంటుంది. కలలో ఎవరితో అంటోందో. దాని కలలో ఉన్నవాళ్ళందరూ ఇక్కడివాళ్ళండీ. వాళ్ళని వదిలి ఎలా తీసుకెళ్ళనండీ?"

నాకు జవాబులు రాసిపెట్టి ఇస్తేనే వస్తాయి.

పెద్దాయన వచ్చాడు. ఆ రోజు లిఫ్టు పనిచెయ్యలేదు. డెబ్బై దాటిన మనిషి, తన పెట్టె తానే మోసుకుంటూ మెట్లెక్కాడు. కూతురు రెండు చేతులూ ముందు కట్టుకుని, తల వంచి నిలబడింది. ఆవిడ మాట్లాడే కొరియన్ ఆ రోజు వేరే భాషలా వినిపించింది. ప్రతి వాక్యం చివరా పొడుగ్గా ఏదో తగులుతోంది. వాళ్ళ అండీ అదేనేమో.

ఆదివారం నా కారులోనే తీసుకెళ్ళాను. ఆటోలో పెద్దాయన నడుము సంగతి ఏమవుతుందోనని నా భయం. చర్చి గుమ్మం ముందు చెప్పుల గుట్ట ఉంది. పాప ముందు పరిగెత్తి, అక్కడికి వస్తే దాని నోట ముందు తెలుగే వస్తుంది కాబట్టి, వెనక్కి తిరిగి, "తాతా, నీ చెప్పులు గీడ ఇడువు" అంది.

పెద్దాయనకి ఆ వాక్యంలో ఒక్క మాటే అర్థమైంది. "నీ". ఆగిపోయాడు. కూతురు తెల్లబోయింది. అల్లుడు కీబోర్డు వైరు సరిచూసుకోవడం మొదలుపెట్టాడు. పాప ఆయన చెయ్యి పట్టుకుని గబగబా కొరియన్‌లో ఏదో చెప్పింది. ఏం చెప్పిందని తర్వాత అడిగాను. ఇక్కడ అమ్మని కూడా అలాగే అంటారు, అమ్మకి కోపం రాదు అని చెప్పిందట. ఆయన చెప్పులు విప్పాడు.

లోపల చాపల మీద ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు. నేను వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. ఈయన సిస్టర్‌గారి తండ్రి అని ఆ చర్చి పాస్టరుగారు పరిచయం చేయగానే అంతా లేచి నిలబడ్డారు. దుస్తులు కుట్టే ఆమె ముందుకొచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, వేళ్ళు అన్నీ ఉన్నాయని నిర్ధారించుకుని, ఏడ్చేసింది. ప్రభువు మన మొర ఆలకించాడు, మంచం పట్టిన మనిషిని సముద్రాలు దాటించి మన మధ్యకి తెచ్చాడు అన్నాడు పాస్టరుగారు. స్తోత్రం, స్తోత్రం అన్నారు అందరూ. పెద్దాయన అల్లుడి వైపు చూశాడు. అల్లుడు చెమటలు తుడుచుకుని, దాచడానికి ఏమీ మిగల్లేదని గ్రహించి, మొత్తం అనువదించాడు.

రేకుల మీద పావురాలు నడుస్తున్న చప్పుడు వినిపించింది. పెద్దాయన ఒక్క ప్రశ్న అడిగాడు: ఎప్పటి నుంచి?

ఎండాకాలం నుంచి అన్నారు.

ఆయన అల్లుడితో మెల్లగా రెండు ముక్కలు చెప్పాడు. ఆవిడ మొహంలో రంగు పోయింది. ఆ ఎండాకాలంలోనే ఆయన గుండె జబ్బుతో ఆస్పత్రిలో ఉన్నాడట. దూరాన ఉంది, కంగారు పడుతుందని కూతురికి తెలియనివ్వలేదట.

ఇలాంటిది నా స్క్రిప్టులో వస్తే నేను కొట్టేస్తాను. ప్రేక్షకుడు నమ్మడని రాస్తాను. నేను ఇప్పటికీ దీని గురించి ఎవరితోనూ వాదించను. అక్కడ ఉన్నాను, విన్నాను, అంతవరకే.

పాస్టరుగారు ఆవిడని ప్రార్థన చెయ్యమన్నారు. ఆవిడ లేచి, చున్నీ తల మీదికి లాక్కుంది. అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. పెదవులు చూసినందుకే నాకు జీతం కాబట్టి అది అలవాటు.

"తండ్రిగారు," అంది ఆవిడ.

అందరూ కళ్ళు తెరిచి పెద్దాయన వైపు చూశారు.

ఆవిడ ఆగింది. మళ్ళీ మొదలుపెట్టింది. "తండ్రిగారికి..." మళ్ళీ అందరూ ఆయన వైపే. వెనక నుంచి ఎవరో ఆయనకే స్తోత్రం చెప్పబోయి తమాయించుకున్నారు. ఇంతకాలం నడిచిన మాట ఇక ఆ గదిలో నడవదు. అందులో తండ్రిగారు ఒకాయన ముందు వరసలో కాళ్ళు మడుచుకుని కూర్చుని ఉన్నారు. ఇంకొకాయన్ని పిలవాలంటే వేరే మాట కావాలి. ఆ మాట ఉంది. దాన్ని ఆవిడ ఇంతకాలం గుమ్మం బయటే నిలబెట్టింది.

ఆవిడ పెదవులు కదిలాయి, చప్పుడు రాలేదు. మళ్ళీ కదిలాయి.

"తండ్రీ," అంది. "నువ్వు విన్నావు. నేను తప్పు మాట్లాడాను. నువ్వు సరిగ్గా విన్నావు. మా నాన్నగారి జబ్బు నాకు తెలియదు. నీకు తెలుసు. వీళ్ళు నీకు చెప్పారు. నీకు..."

ఆ తర్వాత అంతా "నీకు" ఒక్కటే. ఎన్నిసార్లు అందో. ఒక్క అండీ లేదు. నా పాఠమంతా ఒక్క నిమిషంలో కొట్టుకుపోయింది, నాకు చింత లేదు. ప్రతి "నీ"కీ పెద్దాయన భుజం కొంచెం కదిలింది. మొదట చలికి వణికినట్టు, తర్వాత అలా కాదు. ఆయన ఒళ్ళో పాప కూర్చుని, ఆయన కోటు గుండీ తిప్పుతోంది. ఆమెన్ అన్నప్పుడు ఆయన అందరికన్నా ఆఖరున అన్నాడు.

వెనక్కి వస్తున్నప్పుడు జూబ్లీ హిల్స్ చెక్‌పోస్టు దగ్గర ట్రాఫిక్‌లో చాలాసేపు ఆగిపోయాం. పక్కన ఒక లారీ, దాని మీద తాళ్ళతో కట్టిన రాజసింహాసనం. ఎండలో దాని బంగారు రంగు పెచ్చులుగా లేస్తోంది. పెద్దాయన దాన్ని చూస్తూ కూర్చున్నాడు. ఈ దేశంలో సింహాసనాలు ఇలా తిరుగుతుంటాయనుకున్నాడో ఏమో, నేను వివరించలేదు.

మధ్యాహ్నం భోజనానికి నన్ను కూడా ఉండమన్నారు. ఆవిడ గుంటూరు మిరపకాయల కారంతో పెట్టిన కిమ్చీ తెచ్చింది, మా జాడీతో సహా. పెద్దాయన ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు. మంచినీళ్ళు తాగాడు. ఇంకో ముక్క తిన్నాడు. కళ్ళ నీళ్ళు తుడుచుకున్నాడు, అవి మిరపకాయవని అందరం ఒప్పుకున్నాం. తర్వాత తల ఎత్తకుండా కూతురితో ఏదో అన్నాడు.

అల్లుడి చెంచా గాలిలో ఆగిపోయింది. ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళింది. చాలాసేపు కుళాయి నీళ్ళ చప్పుడే వినిపించింది.

ఏమన్నారు అని పాపని అడిగాను.

"గీ కారం మంచిగ లేదంట," అంది పాప, నోటి నిండా అన్నంతో. "ప్రతి సంవత్సరం చలికాలానికి ముందు కొరియా నుంచి తాతనే కారం పంపిస్తడంట."

అల్లుడికి చూసిపెట్టిన పని ఊసు ఇక ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు తెల్లవారుజామున మెలకువ వచ్చింది. బయట మంచు. కొండ మీద ఒక్క రాయి కూడా కనబడటం లేదు. వెంటిలేటర్‌లోంచి భర్త గొంతు, పెద్దాయన బొంగురు గొంతు. నేను దుప్పటి కప్పుకుని ఎదురుచూశాను. మా అమ్మ పూజగదిలో దీపం వెలిగిస్తూ స్వామితో మోకాళ్ళ గురించి మాట్లాడుతోంది. ఆ తర్వాత మూడో గొంతు, సన్నగా, మొదలైంది. మాటలు తెలియలేదు. మధ్యమధ్య ఒక్క "నీ" మాత్రం కిందిదాకా దిగింది. అది వాళ్ళ భాషలోదో మన భాషలోదో తేల్చుకుందామని కాసేపు ప్రయత్నించాను. నిద్ర పట్టేసింది.